బావ లైను తెంపిన రోజు

ఆ కంపెనీలో అతణ్ణి అందరూ బామ్మర్ది అనే పిలిచేవారు. నెట్‌వర్క్ గదికి పెద్ద అతని బావే. అక్కను చేసుకున్నవాడు, ఈ ఉద్యోగం ఇప్పించినవాడు, నల్లటి తెర మీద కమాండ్లు కొట్టడం దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పినవాడు. నలుగురిలో నవ్వులపాలు చేసినవాడు కూడా. కొత్తలో ఒకసారి ఆఫీసు సర్వర్లోకి వచ్చిన ఎవరిదో సెషన్ తెంపబోయి, బామ్మర్ది తనదే తెంపుకుని బయటపడ్డాడు. ఆ కథ భోజనాల దగ్గర బావ నోట్లో నానుతూనే ఉండేది. "మావాడు తాళంచెవి లోపల పెట్టి బయట తాళం వేసుకునే రకం," అనేవాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వేవారు. బామ్మర్దీ నవ్వేవాడు.

బావ కాలు విరిగి ఇంటి నుంచే పనిచేస్తున్న రోజుల్లో మేనేజరు పిలిచాడు.

"మీ బావని తీసేస్తున్నాం. ఆయన సెషన్లన్నీ తెంపెయ్. ఆ సీటు నీకే."

"ఆయనకి ఎవరు చెప్తారు సార్?"

"నువ్వే చెప్పు. ఇంట్లోవాడివి కదా."

బామ్మర్ది దాదాపు పరుగున తన సీటుకి వచ్చాడు. అది భయంతో కాదని అతనికి తెలుసు.

'హూ' అని కమాండ్ కొట్టాడు. సర్వర్ లోపల ఎవరెవరున్నారో తెర మీద వరసగా వచ్చింది. బావ పేరు కనిపించింది. మళ్ళీ రాకుండా ఖాతాకి తాళం వేసి, 'కిల్' కొడితే ఒక్క దెబ్బతో పోయేది. తాళం వెయ్యలేదు. ఊరికే తెంపి ఆగాడు. బావ మళ్ళీ లోపలికొచ్చాడు. మళ్ళీ తెంపాడు. ఫోన్ మోగింది. స్పీకర్ నొక్కాడు. పక్కవాళ్ళు కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు.

"ఒరేయ్, లైను తెగిపోతోందిరా. పని సగంలో ఉంది."

"దారిలో ఎక్కడో పోతున్నట్టుంది బావా. ట్రేస్‌రూట్ కొట్టి చదువు."

ఇంటి రౌటర్ నుంచి ఆఫీసు గేట్‌వే దాకా బావ ఒక్కొక్క మజిలీ చదివాడు. "అన్నీ పలుకుతున్నాయిరా. దారి శుభ్రంగా ఉంది."

"అయితే మీ రౌటరే. ఒకసారి ఆపి వెయ్యి."

"అది మంచం కింద గోడవార ఉంది. మీ అక్క బజారుకెళ్ళింది, రానీ."

"పని ఇప్పుడే కావాలంటున్నారు బావా."

ఊతకర్ర కింద పడ్డ చప్పుడు. నేల మీద పాకుతున్న చప్పుడు, మూలుగు. ఆఫీసు గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. బావ పేరు మళ్ళీ తెర మీదికొచ్చింది. బామ్మర్ది మళ్ళీ తెంపాడు.

"పోయిందిరా!"

"ఇంకోసారి ఆపి వెయ్యి."

ఈసారి ఏదో ధబ్బున పడింది, వెంటనే "అమ్మా!" అన్న కేక. నవ్వులు ఆగాయి. కాసేపటికి బావ ఆయాసపడుతూ, "వేశాను. ఇప్పుడు చూడరా," అన్నాడు.

బామ్మర్ది ఖాతాకి తాళం వేశాడు. "లైనుకేం కాలేదు బావా. నిన్ను తీసేశారు. తెంపుతున్నది నేనే."



"మొదట్నుంచీ తెలుసా?"

"తెలుసు."

"స్పీకర్లో పెట్టావా?"

బామ్మర్ది స్పీకర్ ఆపేశాడు. పక్కవాడు తన కుర్చీని మెల్లగా తన చోటికి లాక్కుపోయాడు.

అతుక్కుంటున్న ఎముక మళ్ళీ విరిగింది. మర్నాడు బామ్మర్ది ఆసుపత్రికి వెళితే గది గుమ్మంలోనే అక్క ఎదురైంది.

"కంపెనీ చెప్పిందక్కా. నా చేతుల్లో ఏముంది?"

"తీసెయ్యమని చెప్పింది. పాకించమని కూడా చెప్పిందిట్రా?"



"ఎవరే వచ్చింది?" లోపల్నుంచి బావ అడిగాడు.

"ఎవరూ లేరండీ," అని అక్క తలుపు వేసేసింది.