అమ్మ సముద్రం వైపు పరిగెత్తింది

సత్యవతీ, నిన్న నా పోస్టు కింద "మన అమ్మలకు భయమంటే తెలీదు, ఈ కాలం పిల్లలవన్నీ వేషాలు" అని రాశావు. తప్పు. మా అమ్మ నిలువెల్లా భయమే.

ఈ పొద్దున హార్బరు దగ్గర ఎవరో గంజి వారుస్తుంటే, ఆ వాసనకు అంతా గుర్తొచ్చింది. అయ్య తెప్ప మీద చేపల వేటకెళ్తే, అమ్మ గుమ్మంలో సముద్రం వైపు తిరిగి కూర్చునేది, జ్ఞాపకం ఉందా? గాలి కాస్త మళ్లినా ఆమెకు తెలిసిపోయేది. పక్కనుంచి కుక్క ఎండుచేపల బుట్ట ఈడ్చుకుపోతున్నా కనబడేది కాదు.

ఒకరోజు ఆమె వెనకాలే, మా చెల్లి పొయ్యి మీది గంజి కుండను చేతి మీదికి లాక్కుని కేక పెట్టింది. అమ్మ లేచి పరిగెత్తింది, సముద్రం వైపు!

"ఓలే, అటేటే ఎల్తన్నావ్? పిల్ల సెయ్యి కాలిపోనాది, ఎనక్కి రావే!" అని అరిచింది మీ అమ్మే.

"కేక సముద్రం మీంచే ఇనబడ్డాదే," అంది అమ్మ, చెల్లిని ఒళ్లో వేసుకుని. మన వాడలో అందరూ ఆమెను పిచ్చిదన్నారు. నువ్వూ నవ్వావు.

ఇప్పుడు నీ మనవరాలు పరీక్ష హాల్లో భయంతో ప్రశ్న చదవలేక, కాపలా మాస్టారి చెప్పుల చప్పుడే వింటూ కూర్చుంటే, అదీ వేషమేనా? అమ్మకు డాక్టరు లేడు. దానికి ఉన్నాడు.

రేపు పొద్దున్నే మానసిక వైద్యుడి దగ్గర టోకెన్ తీసుకో. దాన్ని ఒక్కదాన్నే లోపలికి పంపి, నువ్వు బయట బెంచీ మీద నోరు మూసుకుని కూర్చో.