వెనక లేని వేదిక

ఎండలో కాగిన షామియానా కింద ఒక రకమైన గుడ్డ వాసన వస్తుంది. మొన్న జనగామలో రాష్ట్రావతరణ సభకు పోయినప్పుడు ఆ వాసన తగలగానే స్వరూప మేడం గుర్తొచ్చారు. స్టేజీ మీద నాకు వెనక వరుసలో కుర్చీ చూపించారు. తండాలో పుట్టి ఇంగ్లీషు లెక్చరర్నయ్యానని గొప్పగా పిలిచిన నిర్వాహకుడే, తండా భాషలో మాత్రం మాట్లాడవద్దని చెవిలో చెప్పిపోయాడు. నాకు ఒళ్లు మండింది. ఈ మాట వినడం ఇది మొదటిసారి కాదు.

నేను ఇంటర్ చదివేటప్పుడు మొగుళ్లపల్లిలో మాకు ఇంగ్లీషు చెప్పింది స్వరూప మేడమే. ఆమె సొంతూరు నర్మెట్ట. పాఠం నిఖార్సయిన ఇంగ్లీషులో, మాట నిఖార్సయిన నర్మెట్ట తెలుగులో సాగేది. ఒకసారి తనిఖీకి వచ్చిన కోస్తా అధికారి, ఇంత మంచి ఇంగ్లీషు వచ్చి తెలుగు ఇలా మాట్లాడతారేమిటని మా ముందే నవ్వాడు. మేడం నవ్వలేదు. "ఇంగ్లీషు నేను నేర్సుకున్న సార్. తెలుగు మా అవ్వ నేర్పింది. మీరు నవ్విన్రని అవ్వను దిద్దాల్నా?" అన్నారు. ఆయన రిజిస్టర్ మీద సంతకం చేసి వెళ్లిపోయాడు. తండా మాట ఎక్కడ దొర్లుతుందోనని క్లాసులో నోరు విప్పని నేను ఆరోజు మొదటిసారి తలెత్తి కూర్చున్నాను.

ఒకరోజు పాఠంలో 'అప్‌స్టేజ్' అనే మాట వచ్చింది. మేడం ఇద్దరమ్మాయిలను నల్లబల్ల దగ్గరి గద్దె మీద నిలబెట్టారు, ఒకరిని ముందు, ఒకరిని వెనక. పూర్వం ఇంగ్లీషువాళ్ల రంగస్థలం వెనకవైపు ఎత్తుగా, జనం వైపు వాలుగా ఉండేదట. అందుకే వెనకభాగానికి ఆ పేరు. ఒక నటుడు కావాలని అక్కడికి జరిగి మాట్లాడితే, ముందున్నవాడు అతనికి జవాబు చెప్పడానికి జనానికి వీపు చూపించక తప్పదు. చూపులన్నీ వెనకవాడి మీదికి పోతాయి. అట్లా ఇంకొకరికి దక్కాల్సిన చూపును గుంజుకోవడానికే ఇవాళ నాటకం బయట కూడా ఆ మాట వాడతారని చెప్పారు. పెళ్లిలో పిల్లకన్నా ఎక్కువ నగలు దిగేసుకొని ప్రతి ఫొటోలో దూరే మేనత్తలను ఉదాహరణకు తెచ్చి మమ్మల్ని కడుపుబ్బ నవ్వించారు.

నాకొక అనుమానం వచ్చింది. మా టేకుమట్ల దిక్కు భాగోతం ఆడితే చుట్టూ జనమే కూర్చుంటారు. "మరి అక్కడ వెనక ఏది మేడం?" అని అడిగేశాను. మేడం చాక్‌పీసు కింద పెట్టారు. "లేదు లలితా. మన ఆటకు వెనక అనేదే లేదు. గిది పుస్తకంల లేదు, రాసుకోండ్రి" అన్నారు.

అప్పటికి తెలంగాణ ఉద్యమం ఊరూరా రాజుకుంది. దీక్షా శిబిరంలో మా కాలేజీ పిల్లలం నాటిక వేశాము. మొగుడు వలసపోయిన తల్లి వేషం నాది. ఆ తల్లి తండా భాషలోనే ఏడవాలని మేడం పట్టుబట్టారు. నేను నోరు తెరిచేలోపు పట్నం నుంచి ఒక నాయకుడు కార్లతో, కెమెరాలతో దిగాడు. స్టేజీ ఎక్కి మైకు తీసుకున్నాడు. నన్ను వెనక్కి జరగమన్నాడు. తను మాట్లాడాక నాటిక వేసుకోవచ్చు గానీ, టీవీవాళ్లు ఉన్నారు కాబట్టి తండా మాటలు వద్దు, మంచి తెలుగులో చెప్పాలన్నాడు. మా భాషను వెక్కిరించారని కదా ఆ టెంటు వేసుకున్నది! ఆరోజు ఆ మాటలు చెప్పకపోతే ఇక జన్మలో ఎక్కడా చెప్పలేననిపించింది.

మేడం ఆయనతో వాదం పెట్టుకోలేదు. నా చెయ్యి పట్టుకొని, "దిగు" అన్నారు.

రోడ్డు మీద ఆడవాళ్లు నిరసనగా వంటావార్పు చేస్తున్నారు. పొయ్యిల మధ్య నన్ను నిలబెట్టి, శిబిరంలో డప్పు కొట్టే అన్నను మొదలుపెట్టమన్నారు. జనం లేచి వచ్చి మా చుట్టూ కూర్చున్నారు. "యాడీ" అని అమ్మను పిలుస్తూ మొదలుపెట్టాను. మా తండా ముసలమ్మలు పొయ్యిల దగ్గరి నుంచే మా భాషలో నాకు బదులిచ్చారు. స్టేజీ మీది నాయకుడికి అందరి వీపులే మిగిలాయి. కాసేపు మైకులో పిలిచాడు, తర్వాత మైకు ఆగిపోయింది. మర్నాడు ఆయన మనుషులు కాలేజీకొచ్చి క్షమాపణ చెప్పమంటే, "ఎవలకు చెప్పాలె? ఆ పిల్లకా? చెప్పుమనుండ్రి మీ సారును" అని మేడం క్లాసుకు వెళ్లిపోయారు.

ఇప్పుడు మేడం లేరు. రాష్ట్రం వచ్చింది, స్టేజీలు పెద్దవయ్యాయి, వెనక వరుసలు మాత్రం అట్లాగే ఉన్నాయి. జనగామలో నా పేరు పిలిచినప్పుడు నేను మైకు దగ్గరికి పోలేదు. మెట్లు దిగి, నేల మీద కూర్చున్న ఆడవాళ్ల నడుమకు నడిచాను. నిర్వాహకుడు నన్ను "మేడం, మేడం" అని పిలుస్తూనే ఉన్నాడు.

"యాడీ" అని మొదలుపెట్టాను.