నేను పెట్టించిన మెడికల్

ఆ రోజుల్లో నాకు ఇరవై నాలుగేళ్లు. ఆ వయసులో నా తోటివాళ్లు కొందరు ప్రేమలో పడ్డారు, కొందరు పోటీ పరీక్షల్లో పడ్డారు, నేను మాత్రం ఎదుటివాళ్ల ఆరోగ్యం మీద పడ్డాను. సొంత ఆరోగ్యం సంగతి అడక్కండి. పొద్దున్న అమ్మ మూడోసారి అరిస్తే గాని లేచేవాణ్ణి కాదు. మా వీధి చివర ఉన్న స్కూలుకి స్కూటరు మీద వెళ్లేవాణ్ణి. కానీ ఫోనులో రోజూ ఆరోగ్య సూత్రాలు చదివి, చదివినవి చదివినట్టు పదిమందికి పంపేవాణ్ణి. పంపగానే నేనే ఓ మైలు నడిచొచ్చినంత తృప్తిగా ఉండేది. ఇప్పుడు ఆ కుర్రాడు ఎదురుపడితే రెండు తగిలించాలనిపిస్తుంది (ఆ మాట అమ్మ అప్పుడే చాలాసార్లు అంది).

మాది ఖరగ్‌పూర్, బెంగాల్లో తెలుగువాళ్లు బాగా ఉన్న రైల్వే ఊరు. నాన్న రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఖరిదా పేటలో మా ఇంటి దగ్గరున్న ఓ చిన్న ప్రైవేటు స్కూల్లో మా పిన్ని, అంటే అమ్మ సొంత చెల్లెలు, తెలుగు చెప్పేది. ఆవిడే హెడ్‌మిస్ట్రెస్‌తో మాట్లాడి నన్ను అక్కడ ఏడాది కాంట్రాక్టు మీద కంప్యూటరు మాస్టరుగా వేయించింది. హెడ్‌మిస్ట్రెస్‌ని అందరం పెద్దమేడం అనేవాళ్లం. నేను చేరిన ఎనిమిదో నెలలో ఆవిడ నన్ను గదిలోకి పిలిచారు.

"పెద్ద పెద్ద ఆఫీసుల్లో స్టాఫ్ ఆరోగ్యానికని వెల్‌నెస్ ప్రోగ్రాములు పెడతన్నారట. మనం ఇరవై ఇద్దరమున్నాం, మనం మనుషులం కామేటి? మనకీ ఒకటి పెట్టు. కుర్రోడివి, కంప్యూటరొచ్చినోడివి. ఇది సక్కగా సేసినావంటే నీ పర్మనెంటు సంగతి కమిటీతో నాను మాటాడతాను" అన్నారు.

ఇంకేం కావాలి! ఆ సాయంత్రమే మూడు వారాల కార్యక్రమం గీసేశాను. మొదటి వారం అవగాహన, రెండో వారం మంచి అలవాట్లు, మూడో వారం శనివారం నాడు ఆరోగ్య పరీక్ష. పరీక్షకి ఫారం కావాలి. ఇంటర్నెట్లో దొరికిన ఫారాలు నాకు ఆనలేదు. పువ్వులూ నవ్వు మొహాలూ వేసి మరీ మెత్తగా ఉన్నాయి. నాన్న పాత ఫైలు తిరగేస్తుంటే ఆయన సర్వీసులో ఉన్నప్పటి వైద్య పరీక్ష కాగితం కనపడింది. ఆహా, ఫారం అంటే అదీ! బరువు, బీపీ, షుగరు, చూపు అని వరసగా గడులు, అన్నిటికీ కింద దళసరి గీతల మధ్య 'ఫిట్ / అన్‌ఫిట్' అని ఓ గడి. మక్కీకి మక్కీ టైపు చేసి, పైన స్కూలు పేరు పెట్టి, 'హాజరు తప్పనిసరి. ఫలితములు ఆఫీసు ఫైలులో ఉంచబడును' అని ఒక వాక్యం సొంతంగా చేర్చి నోటీసు బోర్డు మీద అంటించాను. నాన్న చూసి, "ఫారం బాగుందిరా" అని మెచ్చుకున్నారు కూడా.

మా ఊరు తెలియనివాళ్లకి ఇక్కడో మాట చెప్పాలి. రైల్వే ఊళ్లో 'మెడికల్' అంటే ఆరోగ్యం బాగుచేసే వ్యవహారం కాదు. బండి నడిపేవాళ్లకీ సిగ్నళ్లు చూసేవాళ్లకీ కొన్నేళ్లకొకసారి జరిగే పరీక్ష అది. చూపు తగ్గితే ఆ డ్యూటీ నుంచి దింపి ఇంకో పనిలో వేస్తారు. అది న్యాయమే, బండినిండా జనం ఉంటారు కదా. కానీ మెడికల్ ముందు నెల్లాళ్లూ ఆ ఇంట్లో కూరలో ఉప్పుండదు, ఎవరూ గట్టిగా నవ్వరు. నాన్నో, భర్తో, తాతో ఆ పరీక్షకి వెళ్లిరాని ఇల్లు మా స్టాఫులో ఒక్కటీ లేదు. నేనూ అలాంటి ఇంట్లోనే పెరిగాను. అయినా ఆ గడి పెడితే ఏమవుతుందో నా బుర్రకి తట్టలేదు.

మర్నాటి నుంచి నా ప్రోగ్రాము ఫలితాలు చూసి నేనే నిర్ఘాంతపోయాను. నాలుగింటికి స్టాఫ్ రూములోకి మురమురాలూ వేడి సింగారాలూ (మావైపు సమోసాలని అలా అంటారు) వచ్చేవి. వాటిలో సగం వాటా మా లెక్కల దాదాదే. దాదా బెంగాలీ ఆయన, మాతో తెలుగు మాట్లాడతాడు. ఆయన పొట్లం చూసి మొహం తిప్పుకుని, "నాకి వద్దు బాబా. ముందు మెడికల్ అయిపోనీ" అన్నాడు. సైన్సు టీచరమ్మ టీలో చక్కెర మానేసింది. రిక్షా దిగకుండా గుమ్మందాకా వచ్చే డ్రాయింగు మాస్టరు రోజూ గ్రౌండు చుట్టూ పది చుట్లు తిరిగేస్తున్నాడు. నేను ఒక్క ఉపన్యాసమైనా ఇవ్వకుండానే ఇంత మార్పా! నా చేతిలో ఏదో మహిమ ఉందనుకున్నాను. 'మొదటి వారంలోనే సింగారాలు తినువారు లేకపోయిరి' అని పెద్దమేడంకి రిపోర్టు కూడా రాశాను (రిపోర్టు రాసేటప్పుడు నాకు గ్రాంథికం పూనేది).

రెండో వారం ఆ ఊపులోనే కళ్ల పరీక్ష చార్టు ఒకటి ప్రింటు తీసి, అలవాటు పడతారని స్టాఫ్ రూములో బీరువా పక్క గోడకి అంటించాను. మర్నాడు మధ్యాహ్నం వెళ్లేసరికి పిన్ని దాని ముందు నిలబడి కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది. ఏదో స్తోత్రమనుకుని చెప్పులు బయటే విడిచి దగ్గరికెళ్లాను. "ఇ... ఎఫ్ పి... టి ఓ జెడ్... ఎల్ పి ఇ డి..." అంటోంది.

"పిన్నీ, కళ్లు మూసుకుని చదువుతున్నావేంటి?"

"కనపడతన్నాది నాయనా, నాకు మొత్తం కనపడతన్నాది. నువ్వెళ్లి నీ కలాసు సూసుకో" అంది కళ్లు తెరవకుండానే.

ఆ వారమే గంట తాత నా దగ్గరికొచ్చాడు. వరండా చివర వేలాడదీసిన రైలు పట్టా ముక్కని సుత్తితో కొట్టి పీరియడ్లు నడిపించేది ఆయనే. ముప్పై ఏళ్లపైనుంచి అదే పని, గేటు పక్క గదిలోనే కాపురం. భార్య పోయింది. గడియారానికి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని, దారినపోయే చిన్నపిల్లల్ని ఆపి, "ఏదీ, పెద్దముల్లు ఎక్కడున్నాదో సెప్పు సూద్దాం. సిన్నముల్లో?" అని పరీక్షలు పెట్టేవాడు. మా స్కూల్లో ఒకటో తరగతి పిల్లలకే టైము చూడడం వచ్చేసేది. పెద్దమేడం అసెంబ్లీలో ఆయన్ని మెచ్చుకున్నారు కూడా.

"మాస్టరు బాబూ, శనారం నాను ఊరెల్తన్నాను" అన్నాడు తాత.

"ఏ ఊరు తాతా?"

"ఏదో ఊరు బాబూ."

"కుదరదు తాతా. హాజరు తప్పనిసరి. నీ కాగితం కూడా ఫైల్లో పెట్టాలి."

"పైల్లోనా?" అన్నాడు. చేతులు వణికాయి. నేనేం చేశానంటే, నోటుబుక్కు తీసి 'గంట తాతకి వణుకు, డాక్టరుకి చెప్పాలి' అని రాసుకున్నాను. అంతకన్నా తెలివైన పని నాకు తోచలేదు.

శనివారం వచ్చింది. ప్రేమ్ బజార్‌లో క్లినిక్ పెట్టుకున్న డాక్టరమ్మని పిలిచాను. తెలంగాణ ఆవిడ, భర్త ఇంజినీరింగు క్యాంపస్‌లో పనిచేస్తారు. స్టాఫ్ రూములోకి రాగానే, "ఆ గోడకి వెల్తురు లేదు" అని నా చార్టు పీకేసి, తన చార్టు తెచ్చి ఎదురుగోడకి కిటికీ పక్కన తగిలించి, స్టూలు అటు తిప్పించింది. ముందుగా పిన్ని వెళ్లి కూర్చుంది. ఒక కన్ను మూసుకుని, "ఇ, ఎఫ్ పి, టి ఓ జెడ్, ఎల్ పి ఇ డి" అని అడుగు వరసదాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేసింది. డాక్టరమ్మ చార్టు వంక చూసింది, పిన్ని వంక చూసింది.

"అమ్మా, ఇండ్ల అన్నీ అంకెలే ఉన్నయ్. అక్షరమే లేదు" అంది.

నేను నా నోటుబుక్కులో తల దూర్చాను. పిన్ని మాత్రం తొణక్కుండా, "రెండో కన్నుతో అంకెలు సదువుతానండి" అంది. తర్వాత దాదా అంకెలన్నీ సరిగ్గానే చదివి, అలవాటుకొద్దీ ఒక్కో వరసకీ మొత్తం ఎంతయిందో కూడా చెప్పాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లలో నలుగురు మళ్లీ నా చార్టే అప్పజెప్పారు. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, "సార్, వీళ్లంత ఎందుకు భయపడుతున్నరు? మీరేం చెప్పిన్రు వీళ్లకి?" అని అడిగింది. నేను చెప్పినదల్లా ఆరోగ్యమే మహాభాగ్యమని.

చివర గంట తాత వచ్చాడు. ఉతికిన ఖాకీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకున్నాడు. వణుకుంది కదా అని నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని, గుమ్మం నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటున్నట్టు నడిచి, స్టూలు తడిమి, దాన్ని బీరువా వైపు తిప్పుకుని కూర్చున్నాడు. అరచేత్తో ఒక కన్ను మూసుకున్నాడు. "ఇ! ఎఫ్ పి! టి ఓ జెడ్!" అని గంట కొట్టినంత గట్టిగా మొదలుపెట్టి చివరిదాకా ఒక్క తప్పు లేకుండా చెప్పాడు. ఇంగ్లీషు అక్షరం ముక్క రాని మనిషి, టీచర్లు వల్లెవేస్తుంటే విని నేర్చుకున్నాడు. ఆయన చూస్తున్న గోడ మీద నాలుగు టేపు ముక్కలు తప్ప ఏమీ లేదు. గుమ్మంలో ఉన్నవాళ్లందరం ఘొల్లుమన్నాం. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే.

"ఇంకో కన్నుతో కూడా సెప్పీమంటారా డాక్టరమ్మా?" అని తాత ఆ గోడనే అడిగాడు. డాక్టరమ్మ ఆయన వెనకాల నిలబడి ఉంది.

నవ్వు ఆగిపోయింది. డాక్టరమ్మ ఆయన్ని మెల్లగా తిప్పి కళ్లలోకి టార్చి వేసి చూసింది. "రెండు కండ్లల్ల శుక్లాలు బాగ ముదిరినయ్. సక్కగ కనబడక ఎన్ని దినాలైంది తాతా?"

"ఏడాది దాటినాది తల్లీ. ఎలుతురూ నీడా తెలస్తాది."

అప్పటికి పెద్దమేడం వచ్చి నిలబడ్డారు. "మరి గంటెలా కొడతన్నావు?" అన్నారు బిత్తరపోయి.

"పొద్దున్న వర్కుషాపు సైరనుందమ్మా. మజ్జాన్నం లోకలు బండి కూతుంది. రెంటికీ మద్దిన పిల్లలున్నారు కదమ్మా, ముల్లులు ఎక్కడున్నాయో అడిగితే ఆలే సెప్తారు."

ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. లోకలు లేటైన రోజల్లా దాదా లెక్కల పీరియడు ఎందుకు సాగేదో ఆయనకి అప్పుడు తెలిసింది. "తాయ్!" అని గొణిగాడు, అందుకా అన్నట్టు. తాత నా గొంతు వినపడిన వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"బాబూ, అన్‌ఫిట్టని రాయీకు బాబూ. మా అయ్య ఇంజను డ్రైవరు. కళ్లకి అన్‌ఫిట్టయిపోతే ఇంజను దింపి స్టోర్సులో ఏసినారు. జీతం వొచ్చినాది, కూడుకి లోటు నేదు. మరి సచ్చిపోయినదాకా మా అయ్య ఎవులితోటీ సరిగ్గా మాటాడనేదు. నాకీ గంటొక్కటే ఉన్నాది. అదీ పోతే ఆ గదిలో కూకుని నానేటి సెయ్యాలి?"

నా చేతిలో ఆయన ఫారం ఉంది, పెన్నూ ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నాళ్లూ వీళ్లు ఆరోగ్యం మీద శ్రద్ధతో తిండి మానేశారనుకున్నాను గాని, ఉద్యోగం పోతుందన్న భయంతో మానేశారు. నేనేమో దానికి రిపోర్టు రాశాను! పెద్దమేడం నా చేతిలోంచి ఫారం లాక్కుని కింద గడి చూశారు.

"ఈ ఫిట్టూ అన్‌ఫిట్టూ ఎవరెట్టమన్నారు?"

"మా నాన్న ఫారంలో ఉందండి."

"మన స్కూల్లో ఇంజను ఎవరు నడుపుతన్నారు నాయనా?"

నేలలోకి కుంగిపోవడమొక్కటే తక్కువ. ఆవిడ అక్కడే కూర్చుని, ఎర్ర పెన్నుతో ఇరవై రెండు ఫారాల్లోనూ ఆ గడి అడ్డంగా కొట్టేశారు. తర్వాత తాత భుజం మీద చెయ్యి వేసి, "గంట నీదే. గదీ నీదే. ఎల్లి కళ్లు బాగుసేయించుకుని రా. అందాకా మా కంప్యూటరు మాస్టరు కొడతాడు" అన్నారు. తాత ఏడ్చేశాడు. పిన్ని ఏడ్చింది. దాదా కిటికీలోంచి బయటికి చూస్తూ ముక్కు చీదుకున్నాడు.

ఆపరేషన్లు ఒక కన్ను తర్వాత ఒకటిగా అయ్యాయి. దగ్గరుండి చూసుకుంది మా పిన్నీ, ఆవిడ భర్త చిన్నాన్నా. నాకు వెళ్లడానికి మొహం చెల్లలేదు, గంట కొట్టే పని ఉందని తప్పించుకున్నాను. ఆ గంట ముచ్చట కూడా చెప్పాలి. ఎదురుగా గడియారం, జేబులో ఫోను, ఫోనులో మూడు అలారాలు. అయినా ఒకరోజు చివరి గంట కొట్టడం మర్చిపోయాను. నలభై నిమిషాలు పిల్లలంతా లోపల, తల్లులంతా గేటు బయట. రెండు కళ్లూ బాగున్నవాణ్ణి నేను!

తాత తిరిగొచ్చిన రోజు నేను సుత్తి పట్టుకుని వరండాలో నిలబడి ఉన్నాను. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిన్నగా నా దగ్గరికొచ్చాడు. నేను చేరేనాటికే ఆయనకి చూపు పోయింది కాబట్టి నా మొహం ఎన్నడూ చూసింది లేదు. అద్దాలు పైకెత్తి కిందినుంచి పైదాకా చూశాడు.

"నువ్వేనా కంప్యూటరు మాస్టరువి?"

"నేనే తాతా."

"ఓలమ్మ! మూతిమీద మీసమైనా సరిగ్గా రానేదు!" అన్నాడు. "గొంతు విని నాను నలభయ్యేళ్లోడివనుకున్నాను. పెద్ద మీసాలు, బొజ్జ, పెద్దాపీసరులాగుంటావనుకున్నాను. ఈ గుంటడికేటి నాను మూడు వారాలు నిద్దర్లేకుండా భయపడినాను!"

వరండా అంతా నవ్వింది. తాత అందరికన్నా ఎక్కువ నవ్వాడు. నేనూ నవ్వాను గాని నవ్వుతూనే కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు భయపడే మనిషి ఒకడు ఈ లోకంలో ఉంటాడని నేను కలలో కూడా అనుకోలేదు. ఆయన నా చేతిలోంచి సుత్తి తీసుకుని, గడియారం వంక తనే చూసుకుని, సరిగ్గా సమయానికి గంట కొట్టాడు.

నా ఉద్యోగం పర్మనెంటయింది, ఎలా అయిందో పెద్దమేడంకే తెలియాలి. స్టాఫ్ ఆరోగ్య పరీక్ష ఇప్పటికీ ఏటా నేనే పెట్టిస్తాను, ఫారం మీద పువ్వులూ నవ్వు మొహాలూ ఉంటాయి. నలభైకి దగ్గరపడ్డాను. తాత ఊహించుకున్న మీసాలూ బొజ్జా రెండూ వచ్చేశాయి. ఈసారి డాక్టరమ్మ నా బరువు గడి నింపుతూ నన్నో చూపు చూసింది. తమ వంతు కోసం వెనకాల వరసలో ఉన్న కొత్త టీచరమ్మలు ఏ భయమూ లేకుండా నా ముందే పకపకా నవ్వారు. ఇరవై నాలుగేళ్ల ఆ కుర్రాడైతే అవమానంతో ఊరుకునేవాడు కాదు. నాకు మాత్రం, ఎందుకో గాని, ప్రాణం హాయిగా ఉంది.