ఆధారం ఉన్న వాక్యం

భద్రాచలంలో డిగ్రీ సైకాలజీ చదివే ఫాయిజా రాయడం మొదలుపెడితే సారపాక మిల్లు కాగితమంతా చాలదని తోటివాళ్లు ఆటపట్టిస్తారు. ఈసారి సైకాలజీ మేడం క్లాసులో అందరిచేతా, ఎవరైనా దిద్దగలిగే ఇంటర్నెట్ విజ్ఞానసర్వస్వంలో జ్ఞాపకశక్తి మీద వ్యాసాలు రాయిస్తున్నారు. ప్రతి వాక్యానికీ ఆధారం చూపాలి. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ ఫాయిజా రాసింది: 'మతిమరుపు ఉన్నవారికి అయినవాళ్ల మరణాన్ని గుర్తుచేయకూడదు. పోయినవాళ్లు బయటికి వెళ్లారని చెబితే నెమ్మదిస్తారు.' కింద పెద్ద పెద్ద పుస్తకాల పేర్లు పెట్టింది.

ఇంట్లో అమ్మమ్మ షహజాది రోజూ అడిగేదే అడిగింది. "మీ నానా ఇంకా రాలేదేంది బేటీ?"

మిల్లులో పనిచేసిన తాత చనిపోయాడని చెప్పినప్పుడల్లా ఆమె మొదటిసారి విన్నట్టే గుండె బాదుకునేది. ఆ రోజు ఫాయిజా తన వ్యాసాన్నే నమ్మింది. "మిల్లుకు పోయిండు నానీ. జల్దీ వస్తడు."

"అవ్? గట్లయితే ఆయనొచ్చినంకనే తింట." షహజాది కంచం జరిపేసి గడపలో కూర్చుంది. పొద్దుగూకినా లేవలేదు.

ఫాయిజా ఫోన్ తీసి వ్యాసంలో 'నెమ్మదిస్తారు' అన్న వాక్యాన్ని చెరిపేసింది. కాసేపటికే క్లాస్‌మేట్ శ్రావణి దాన్ని మళ్లీ పెట్టి మెసేజ్ కొట్టింది: "ఏందే, పిచ్చిలేసిందా? ఆధారం ఉన్నదాన్ని తీసేస్తే మార్కులు పోతయ్."

గడపలోంచి పిలుపు వినబడింది. "బండి చప్పుడైంది బేటీ. ఆయనకూ కంచం పెట్టు."