గోంగూర పాటలో ఖాళీ

మొన్న మంగళవారం ఉదయం ఆరు గంటల యాభై నిమిషాలకు పక్కింటి మెకానిక్ ఖాసిం ఫోనులో గోంగూర పాట మొదలైంది. రేకు మూత మీద దరువు, దాని వెనక వీరాస్వామి బాబాయి గొంతు: "గోంగూరలో గొంగళి దూరె..." కాఫీ గుటక వేస్తూ ఆగాను. "ఆకు నాకు, పురుగు నీకు" అన్నాడు బాబాయి. నేను నవ్వబోయేలోగా తరువాతి చరణం వచ్చేసింది.

"ఏంది పెద్దమ్మా, పొలమారిందా?" అన్నాడు ఖాసిం గోడ మీదుగా.

"ఇక్కడ ఖాళీ ఉండాలిరా, నాలుగు సెకన్లు."

"పాత రికార్డు ఎవరో బాగుచేసి పెట్టారంట. గీత పడిందనుకొని కోసేసుంటారు."

అది గీత కాదు. వీరాస్వామి బాబాయి మాకు చుట్టం కాదు. నరసరావుపేటలో మా ఎదురింట్లో ఉండేవాడు. రేడియోలో హాస్యపు పాటలు పాడేవాడు. అక్కడ ఎదురుగా శ్రోతలను కూర్చోబెట్టేవారు. కొత్త పాట కట్టగానే మా వంటింటి గుమ్మంలో చేరి, మరమరాల డబ్బా మూత వాయిస్తూ మా అమ్మకు వినిపించేవాడు. అమ్మ నవ్వని మాట పాటలో ఉండేది కాదు. గడియారం చూడటం నా పని. రికార్డులో మూడు నిమిషాలే పట్టేది. "ఏమే, ఎంతయింది?" అనేవాడు. మూడు దాటిందంటే మారు మాట్లాడకుండా ఒక చరణం తీసేసేవాడు.

అంత నిక్కచ్చి మనిషి మద్రాసు వెళ్ళి పాడిన మొదటి రికార్డు, పురుగు దగ్గరికి రాగానే నాలుగు సెకన్లు మూగబోయింది. కొన్నవాళ్ళు చెడిపోయిందనుకొని షాపులకు తిరిగి ఇచ్చేశారు. ఖాళీ లేకుండా మళ్ళీ పాడితేనే రెండో రికార్డు అన్నారు కంపెనీవాళ్ళు. బాబాయి మళ్ళీ వెళ్ళాడు, వట్టి చేతులతో తిరిగొచ్చాడు.

"ఆపకుండా పాడేస్తే పోయేదిగా బాబాయ్!" అన్నాను. నాకు నిజంగానే అర్థం కాలేదు.

"పాడదామనే పోయానే. గదిలో నేనూ, గోడా. చానాసార్లు పాడించారు. అక్కడికి రాగానే నోరు ఆగిపోద్ది. మీ అమ్మ ఇంకా నవ్వలేదుగా!"

వంటింట్లోంచి అమ్మ పకపకా నవ్వింది. బాబాయి నవ్వలేదు. ఆయనకు రెండో రికార్డు రాలేదు.

తరువాత నేను గురజాల బడిలో లెక్కలు చెప్పాను. ప్రశ్న అడిగి, పిల్లల ముఖాలు చూస్తూ ఆగేదాన్ని. తనిఖీకి వచ్చినాయన, "పాఠం నడవట్లేదేంటమ్మా?" అన్నాడు ఒకసారి. ఇప్పటికీ ఎవరితో మాట్లాడినా అలాగే ఆగుతాను. ఫోను కట్టయిందనుకొని అవతలివాళ్ళు పెట్టేస్తుంటారు.

నేను గడియారం పట్టిన బాబాయి పాటలు పన్నెండు. రికార్డుకు ఎక్కింది ఒకటి. రేడియోలో పాడినవి పాడిన రోజే గాలిలో కలిశాయి. మిగిలిన పదకొండులో నాకు మొదటి నుంచి చివరిదాకా వచ్చినవి రెండు. తొమ్మిది పోయాయి.