మైకులో మూడుసార్లు పిలిచిన పేరు

మా చిన్నప్పుడు బడి మైకు ఊరంతటికీ వినబడేది... మా ఇంటి చింతపండు గదిలోకి కూడా.

ఆ గదిలో చాప మీద కూర్చుని ఉన్నాను. పెద్దమనిషినై అది అయిదో రోజు. తొమ్మిది రోజులూ గడప దాటకూడదు. నా కంచం వేరు, చెంబు వేరు. చేతిలో చిమ్మిలి ఉండ పెట్టారు గానీ తినబుద్ధి కాలేదు. గడప అవతల మా మేనత్త పీట వేసుకుని చింతపండు గింజలు తీస్తోంది. పేరుకే గింజలు... అసలు పని నాకు కాపలా.

ఆ రోజే బడిలో బహుమతులు ఇస్తున్నారు. భీమిలి దగ్గర మా ఊరు. నేను ఏడో తరగతి. ఆడపిల్లల చెడుగుడులో నా కూత తెగేది కాదు... ఒక్క ఊపిరితో వెళ్ళి ముగ్గుర్ని తాకి వచ్చేసేదాన్ని. అందరికంటే బాగా ఆడిన పిల్లకి స్టీలు క్యారేజీ అని డ్రిల్లు మాస్టారు ముందే చెప్పారు. అది నాకేనని బడిలో అందరికీ తెలుసు.

"ఏడో తరగతి... అప్పలనర్సమ్మ!" అని మైకు అరిచింది.

లేచి నిలబడ్డాను.

"కూకోయే. ఇప్పుడు నువ్వు బయటికెల్తే ఊరోళ్ళు నా మొకాన ఉమ్మేస్తారు," అంది అత్త, తల ఎత్తకుండానే.

"ఒక్కసారి ఎల్లొచ్చేస్తానత్తా... క్యారేజీ అట్టుకుని పరిగెత్తుకొచ్చేస్తాను."

"నీ పెళ్ళికి నేను కొంటాన్లే క్యారేజీ. కూకో!"

రెండోసారి పిలిచారు. మూడోసారీ పిలిచారు. తరవాత మాస్టారి గొంతు... "రాలేదు. రత్తాలూ, నువ్వు రామ్మా." చప్పట్లు గోడ అవతల నుంచి వినబడ్డాయి. మళ్ళీ నేను బడి మొహం చూడలేదు. అత్త క్యారేజీ కొననూ లేదు.

ఇన్నేళ్ళకి ఇదెందుకు గుర్తొచ్చిందంటే...

ఇప్పుడు కెనడాలో, సస్కటూన్ అనే ఊళ్ళో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. నవంబరులో మూసిన కిటికీలు మళ్ళీ తెరిచింది లేదు. నాకు అన్నిటికీ భయమే. పొయ్యి ఆపానో లేదోనని భయం, మెట్ల మీద మంచు భయం. అన్నిటికంటే మా మనవరాలు అమ్ములు ఆడే ఆటంటే భయం. కాలేజీ ఆడపిల్లల ఐస్ హాకీ. అందులో అది గోల్ కీపర్. ముఖానికి ఊచల ముసుగు, వెనకాల వల. రబ్బరు బిళ్ళ తుపాకీ గుండులా దూసుకొస్తుంటే అది పారిపోకూడదు, అక్కడే నిలబడాలి. ఆ ఊచల్లోంచి దాని కళ్ళు చూస్తే నాకు ఊపిరాడదు.

మొన్న శనివారం మధ్యాహ్నం, "అమ్మమ్మా, ఈవెనింగ్ ఎం.వి.పి. డిన్నర్‌కి వెళ్తున్నా," అంది.

ఎం.వి.పి. అంటే మా విశాఖపట్నంలో కాలనీ. మా ఆడపడుచు ఉండేది అక్కడే. ఇక్కడ మనవాళ్ళు ఏ ఊరివాళ్ళు ఆ ఊరివాళ్ళు కలిసి భోజనాలు పెట్టుకుంటారు కదా... ఇది ఆ కాలనీ వాళ్ళ భోజనాలు కాబోలనుకున్నాను. బయట చూస్తే మంచు గాలి. రోడ్డు మీద తెలుపు తప్ప ఏమీ లేదు. అమ్మాయి ఆసుపత్రిలో డ్యూటీ మీద ఉంది. ఈ పిల్ల ఒక్కతీ డ్రైవ్ చేసుకుంటూ... అది స్నానానికి వెళ్ళగానే కారు తాళం తీసి బియ్యం డబ్బాలో అడుగుకంటా తోసేశాను.

గంటసేపు వెతికింది పాపం. సోఫా దిండ్లన్నీ లేపి చూసింది.

"అమ్మమ్మా, మై కీస్ చూశావా?"

"పోనీలే అమ్ములూ. ఆ కాలనీ వాళ్ళు మనకేం చుట్టాలు? వాళ్ళ పప్పుచారు కోసం ఈ మంచులో పడి వెళ్ళాలా?"

"వాట్ కాలనీ? అమ్మమ్మా! మోస్ట్ వాల్యుయబుల్ ప్లేయర్! టీమ్‌లో అందరూ ఓట్ చేశారు... ఫర్ మీ!" చేతిలో దిండు సోఫాలోకి విసిరేసింది. "దే విల్ కాల్ మై నేమ్. నేను అక్కడ ఉండను."

నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. నేమ్ అర్థమైంది. కాల్ అర్థమైంది.

"మైకులో పిలుస్తారా?" అన్నాను.

"యెస్, మైక్‌లో!"

అప్పుడు తెలిసింది... ఈసారి గడప అవతల పీట వేసుకున్నది నేనే.

మోచేతిదాకా బియ్యంలో చెయ్యి పెట్టి తాళం తీశాను.

"రైస్‌లోనా? సీరియస్లీ, అమ్మమ్మా?" ఏడుపు ముఖంతోనే నవ్వేసింది. "నువ్వూ రా."

వెళ్దామనే అనుకున్నాను. చెప్పుల దాకా వెళ్ళాను కూడా. తలుపు తీసేసరికి చలిగాలి ముఖాన కొట్టింది... నా కాళ్ళు గడప దగ్గరే ఆగిపోయాయి.

అక్కడికి చేరాక వీడియో కాల్ చేసి, ఫోను గ్లాసుకి ఆనించి పెట్టింది. నాకు బల్ల అంచు, ఎవరిదో మోచెయ్యి తప్ప ఏమీ కనబడలేదు. మైకు మాత్రం వినబడింది. దాని పేరు పిలిచారు... మా పేర్లు వాళ్ళ నోట వంకర తిరుగుతాయి, అయినా పోల్చుకున్నాను. ఊపిరి బిగబట్టాను. కూత తెగకుండా గీత దాటాలన్నట్టు... కుర్చీ జరిగిన చప్పుడు. అడుగుల చప్పుడు. చప్పట్లు. అప్పుడు వదిలాను ఊపిరి.

మళ్ళీ వెంటనే ఇంకో బెంగ... ఈ మంచులో తిరిగెలా వస్తుందో అని. వచ్చిందిలెండి, క్షేమంగా.

కాలం మారింది. ఇప్పటి పిల్లలు ఒక్కసారి పిలిస్తే లేచి వెళ్తున్నారు. తాళాలు దాచే చేతులు మాత్రం ఇంకా ఉన్నాయి... నావే అవి.

పేరు పిలిచినా లేచి వెళ్ళలేకపోయినవాళ్ళు మీలో ఉంటే ఆ రోజు సంగతి కింద రాయండమ్మా. కూడబలుక్కునైనా ప్రతిదీ చదువుతాను. మీ పేరు నేను గట్టిగా పైకి చదువుతాను...