దొర చెప్పిన మాట

నేను తెలుగు పంతుల్ని. పేరు కుటుంబరావు. ఉద్యోగమంతా జగ్గయ్యపేటలో ఇంగ్లీషు మాస్టారి పక్క కుర్చీలో కూర్చుని చేసి రిటైరయ్యా. ఇద్దరి ఇళ్ళూ నందిగామలోనే, రోజూ బస్సులో వెళ్ళొచ్చేవాళ్ళం. ఆయన క్లాసు పిల్లలకి గౌరవం, నా క్లాసు పిల్లలకి విశ్రాంతి. కాబట్టి నాకు ఇంగ్లీషు మీద కోపం ఉందంటే అది న్యాయమైన కోపమే. ఆ మాస్టారు ఏసురత్నం మీద మాత్రం లేదు. ఎందుకంటే, ఒప్పుకోవడం కష్టమే గానీ, మా ఇద్దరిలో మంచి తెలుగు ఆయనది.

ఆ తెలుగు క్లాసులో వినబడేది కాదు. ఇంట్లో అసలే వినబడదు. ఇంట్లో ఆయన ‘ఊ’, ‘కానీ’, ‘సర్లే’ అనే మూడు మాటలతో సంసారం లాక్కొచ్చిన మనిషి. అది వినాలంటే సువార్త సభలకి వెళ్ళాలి. విదేశాల నుంచి దొరగారెవరో వస్తాడు. ఒక వాక్యం ఇంగ్లీషులో చెప్పి ఆగుతాడు. పక్కన ఇంకో మైకు ముందు నిలబడ్డ ఏసురత్నం దాన్ని తెలుగులో చెబుతాడు. దొర చెయ్యెత్తితే ఈయనా ఎత్తాలి, దొర గొంతు తగ్గిస్తే ఈయనా తగ్గించాలి. దాన్ని మా వైపు తర్జుమా అంటారు. అటు జగ్గయ్యపేట నుంచి ఇటు చెవిటికల్లు దాకా ఎక్కడ పందిరి వేసినా తర్జుమా ఆయనదే. నేను వేదాద్రి నరసింహస్వామికి మొక్కే మనిషినే, అయినా ఏటా వెళ్ళి వెనక వరసలో కూర్చుంటా. మంచి తెలుగు ఎక్కడ దొరికితే అక్కడికి పోవాలి కదా.

ఇక్కడో సంగతుంది, అది ఆయన నాకొక్కడికే చెప్పాడు. ఆ తర్జుమాలో దొరది తక్కువ, ఈయనది ఎక్కువ. దొరలు చప్పిడి కూడు వండుకొస్తారు, ఈయన తిరగమోత పెట్టి వడ్డిస్తాడు. తిన్నవాళ్ళు ఇళ్ళకెళ్తూ, ‘దొర ఎంత బాగా చెప్పాడు’ అనుకుంటారు. ఆ మాట వింటూ ఏసురత్నం చెప్పులు వెతుక్కుంటాడు. అది నాది అనడానికి లేదు. అంటే ఇన్నేళ్ళూ తర్జుమా సరిగ్గా చెయ్యలేదని తనే ఒప్పుకున్నట్టు.

ఈ ఏడాది నందిగామలో మూడు రోజుల సభలకి పాస్టర్ రత్నబాబు అర్జెంటీనా నుంచి బ్రదర్ అన్సెల్మో అనే ఆయన్ని పిలిచాడు. హైవే పొడుగునా ఫ్లెక్సీలు కట్టించాడు. మధ్యలో అన్సెల్మో గారి నవ్వు, మూలన చిన్నక్షరాలతో ‘తర్జుమా: ఏసురత్నం మాస్టారు’. అంతా అయ్యాక తెలిసింది, వచ్చేవాడికి ఇంగ్లీషు రాదని, స్పానిష్ ఒక్కటే వచ్చని. ముందే ఎందుకు కనుక్కోలేదయ్యా అని రత్నబాబుని అడిగా. తెల్లాయన కదండీ, ఇంగ్లీషు రాకపోవడమేంటని ఊరుకున్నామన్నాడు. నిజమే, మా దృష్టిలో తెల్లతోలుతో పాటే ఇంగ్లీషు కూడా పుడుతుంది.

బుద్ధున్నవాడైతే ఇంకెవర్నైనా చూసుకోమని తప్పుకునేవాడు. ఏసురత్నం నెల రోజుల్లో స్పానిష్ నేర్చుకుంటానన్నాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు.

ఆయన ధీమా అంతా ‘గెట్’ మీద. ఇంగ్లీషులో ఆ ఒక్క క్రియని పట్టుకుంటే భాషంతా పట్టుకున్నట్టేనని తరాల పిల్లలకి నూరిపోశాడు. ఉత్తరం రావడం గెట్. కోపం రావడం గెట్. ఇల్లు చేరడం, నిద్ర లేవడం, బస్సు అందుకోవడం, పెళ్ళి చేసుకోవడం, ముసలివాడవడం, చెప్పింది బుర్రకెక్కడం, అన్నీ గెట్టే. దాని అర్థాలన్నీ ఒక్కొక్కటే స్పానిష్‌లోకి దింపేస్తే ఆ భాష కూడా దారికొస్తుందని ఆయన లెక్క. హాల్లో గోడకి పెద్ద చార్టు అంటించాడు. ఎడమవైపు గెట్లు, కుడివైపు స్పానిష్ కోసం ఖాళీలు.

గురువు రూబీ. ఆయన పాత స్టూడెంటు. హైదరాబాదు కంపెనీ ఒకటి ఆ అమ్మాయికి స్పానిష్ నేర్పించి, జగ్గయ్యపేటలో ఇంట్లో కూర్చోబెట్టి, ఎక్కడో మెక్సికోలో ఫ్రిజ్‌లు పాడైనవాళ్ళ తిట్లు ఫోన్లో తినిపిస్తోంది. ఆదివారం ఆరాధన కాగానే బస్సెక్కి నందిగామ వచ్చి మాస్టారికి పాఠం చెప్పేది. నేను కాఫీ వంకతో వెళ్ళి కూర్చునేవాణ్ణి.

స్పానిష్ దారికి రాలేదు. ఉత్తరం వస్తే రెసిబీర్, ఉద్యోగం వస్తే కొన్సెగీర్, కోపం వస్తే ఎనొహార్సే, అర్థమైతే ఎన్తెన్దేర్. ఒక్క తల్లి పిల్లలు తలో ఇంటిపేరు పెట్టుకున్నట్టుంది వ్యవహారం. బస్సు అందుకోవడానికి పుస్తకంలో కొహేర్ అని ఉంటే ఏసురత్నం దాన్ని వరండాలో గట్టిగా వల్లెవేస్తున్నాడు. రూబీ బస్సు దిగి వచ్చి, అది విని మొహం ఎర్రగా చేసుకుంది. స్పెయిన్‌లో ఆ మాట మంచిదేనట, అర్జెంటీనా వాళ్ళ దగ్గర మాత్రం పెద్దల ముందు అనకూడనిదట. అంటే ఏంటని ఆయన గుచ్చి గుచ్చి అడిగాడు. “వద్దండి సార్” అంది. ఆయన చార్టులో ఆ మాట కొట్టేశాడు. పోన్లే మాస్టారూ, బస్సెక్కకపోతే నడిచే పోదామన్నా నేను.

అలా నవ్వుకుంటూ చార్టు చివరికొచ్చారు. అక్కడ ‘గెట్ ఓవర్’ ఉంది. రూబీ సుపెరార్ అని చెప్పింది. అంటే దాటెయ్యడం సార్, పోయినదాన్ని మర్చిపోయి ముందుకెళ్ళడం, అంది. ఏసురత్నం చేతిలో స్కెచ్ పెన్ను ఆగిపోయింది. జయమణి, అంటే ఆయన భార్య, అప్పుడే కాఫీ గ్లాసులు పెట్టి లోపలికెళ్తోంది. ఆమె గుమ్మం దాటేదాకా ఆగి, అది సభలో అక్కర్లేదులే, వదిలెయ్ అన్నాడు. ఎందుకు వదిలేశాడో నాకు తెలుసు.

వాళ్ళకి పరిమళ అని ఒక్కతే కూతురు. రెండో తరగతిలో ఉండగా మెదడువాపు జ్వరంతో పోయింది. పాతికేళ్ళయింది. ఆ ఏడే జగ్గయ్యపేటలో సభలు జరిగితే, అన్నం మానేసి గోడకి తిరిగి పడుకున్న జయమణిని చుట్టాలు బలవంతాన తీసుకొచ్చారు. స్టేజీ మీద అమెరికా దొర, పక్కన ఏసురత్నం. మీలో ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్ళుంటే బాధపడకండి, ‘యూ విల్ గెట్ ఓవర్ ఇట్’ అన్నాడు దొర. ముందు వరసలో పెళ్ళాం కూర్చుని ఉంది. ఏసురత్నం తర్జుమా చేశాడు: “పోయిన బిడ్డని మర్చిపొమ్మని దేవుడు ఏ తల్లినీ అడగడు. ఆయనకీ ఒక బిడ్డ పోయాడు.”

జయమణి ఆ రాత్రి అన్నం తింది. తనెవరో తెలియని మనిషి చేత, సముద్రాల అవతల నుంచి రప్పించి మరీ, దేవుడు తన కోసమే ఆ మాట చెప్పించాడని నమ్మింది. అప్పట్నుంచి మా చుట్టుపక్కల ఏ ఇంట్లో బిడ్డ పోయినా వెళ్తుంది, ఆ తల్లి చెయ్యి పట్టుకుని ఆ మాట చెబుతుంది. జగ్గయ్యపేట సభలో అమెరికా దొర చెప్పాడమ్మా అని మొదలుపెడుతుంది. పక్కన నిలబడి ఏసురత్నం నేల చూపులు చూస్తాడు. ఆ మాట తనదని చెప్పుకోవాలని ఆయనకి ప్రాణం కొట్టుకుంటుంది. చెబితే ఆమెకి దేవుడు చెప్పించిన మాట పోయి, ‘ఊ’, ‘సర్లే’ అనే మొగుడు చెప్పిన మాట మిగులుతుంది. అదీ ఆయన భయం.

సభలు మొదలయ్యాయి. స్పానిష్‌తో ఒక్క స్వాగత వాక్యం దాకా వెళ్ళగలిగాడు మాస్టారు. అది విని అన్సెల్మో మురిసిపోయి ఆయన్ని కౌగిలించుకుని గడగడా స్పానిష్‌లో ఏదో అడిగాడు. ఏసురత్నం ఆమేన్ అన్నాడు. ఇక తప్పక స్టేజీ మీద మూడు మైకులు పెట్టారు. అన్సెల్మో స్పానిష్‌లో చెబుతాడు, రూబీ దాన్ని ఇంగ్లీషు చేస్తుంది, ఏసురత్నం ఆ ఇంగ్లీషుని తెలుగు చేస్తాడు. అన్సెల్మో గారిది నాలుగు మాటలు, రూబీది రెండు, ఏసురత్నానిది ఒక పేరా. జనం కళ్ళు తుడుచుకున్నారు. కాకపోతే ముగ్గురూ తలోసారి చెప్పేసరికి ప్రసంగం సాగి సాగి, వండిన బిర్యానీ చల్లారిపోయింది. మా జనం దేవుణ్ణైనా క్షమిస్తారు గానీ చల్లారిన బిర్యానీని క్షమించరు.

రెండో రోజు సభ అయ్యాక రత్నబాబు తల పట్టుకుని కూర్చుంటే నాకు ఒళ్ళు మండింది. రూబీ తెలుగుపిల్ల. స్పానిష్ వచ్చిన పిల్ల. ఈ రెంటి మధ్యా ఇంగ్లీషుకేం పని? ఇన్ని వందల మందిలో ఒక్కడికీ తట్టలేదు. తెలుగువాడు ఏ భాషకి వెళ్ళాలన్నా ఇంగ్లీషు గుమ్మంలో చెప్పులు విప్పాల్సిందేనని అందరూ అనుకుంటున్నారు, ఆ పిల్లతో సహా.

“జగ్గయ్యపేట నుంచి నందిగామ రావడానికి విజయవాడ మీదుగా ఎందుకయ్యా?” అన్నా.

రత్నబాబు మొహం వెలిగింది. ఏసురత్నం వైపు చూశాడు. ఆయన సర్లే అన్నాడు. తెలుగుకి ఇన్నాళ్ళకి న్యాయం జరిగిందని నేను సంబరపడ్డా. మాట తప్పేమీ కాదు, ఇప్పటికీ అదే అంటా. అది ఎవరి కొంప మీదికి పోతుందో మాత్రం చూసుకోలేదు.

మూడో రోజు రూబీ ఒక్కతే తర్జుమా. ఏసురత్నం నా పక్కన కుర్చీలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చున్నాడు. పిల్ల ఉన్నదున్నట్టు చెప్పింది. “వాళ్ళ ఊళ్ళో కూడా ఎండలు ఎక్కువేనంట. మనం సహనంగా ఉండాలంట. ప్రార్థన చేసుకుంటే మంచిదంట.” జనం ఆవలించారు. నిన్నటి పట్టు లేదేంటని నా వెనకాయన గొణిగాడు. పాపం అన్సెల్మో మొదటి రోజు నుంచీ ఇంతే చెబుతున్నాడని రూబీకీ, నాకూ, ఏసురత్నానికీ తప్ప ఎవరికీ తెలియదు. ఇంతలో ఆయన గొంతు మెత్తన చేసి ఏదో అన్నాడు. సుపెరార్ లాంటి ముక్క నా చెవిన పడింది. నా పక్కన కుర్చీ కిర్రుమంది.

“ఇక్కడ ఎవరైనా చనిపోయి బాధపడేవాళ్ళు ఉంటే, మీరు దాన్ని దాటేస్తారంట,” అంది రూబీ.

ఆడవాళ్ళ వైపు నుంచి జయమణి తల తిప్పింది. స్టేజీ వైపు కాదు, మా వైపు. బిర్యానీ మాత్రం ఆ రోజు వేడివేడిగా తిన్నారు.

మర్నాడు పొద్దున కాఫీకి వెళ్ళా. ఏసురత్నం గోడ మీద చార్టు చింపకుండా ఊడదీసే పనిలో ఉన్నాడు. జయమణి గ్లాసు నా చేతికిచ్చి, నిలబడే అడిగింది, నిన్న రూబీ చెప్పింది ఉన్నదున్నట్టేనా అన్నయ్య గారూ అని. ఉన్నదున్నట్టేనమ్మా అన్నా. మరి ముందు రెండు రోజులు విన్నదో, అంది. కాఫీ మరీ వేడిగా ఉన్నట్టు ఊదుకుంటూ కూర్చున్నా.

ఆమె మొగుడి వైపు తిరిగింది. “జగ్గయ్యపేట సభలో ఆ దొర ఏమన్నాడండీ?”

అబద్ధం చెబుతాడనుకున్నా. చెబితే నేనూ వంత పాడడానికి సిద్ధంగా ఉన్నా. జీవితమంతా దొరల మాట మార్చిన మనిషికి ఇంకొక్కసారి మార్చడం ఎంతసేపు? ఏసురత్నం చార్టు వదిలేసి కుర్చీలో కూర్చున్నాడు.

“దాటేస్తారన్నాడు,” అన్నాడు.

జయమణి ఏడుస్తుందని భయపడ్డా. ఏడవలేదు. ఎదురుగా కూర్చుంది.

“అయితే ఆ మాట మీదేనన్నమాట. పక్కనే ఉండి, నేను ఊరూరా దొర చెప్పాడని చెబుతుంటే వింటూ ఊరుకున్నారు.”

“నేనన్నానంటే నీకు పనిచెయ్యదేమోనని. దొరైతే దేవుడు పంపాడనుకుంటావు.”

“దేవుడు ఎవరి నోటితో చెప్పించినా నాకొకటేనండీ,” అంది. ఆమె గొంతులో కోపం అప్పుడు వినబడింది. “ఆ రోజుల్లో ఈ ఇంట్లో మనిద్దరమే. మీరు నోరు విప్పి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. బిడ్డ పోయినందుకు మీకు ఏమీ లేదనుకున్నా. ఇన్నేళ్ళూ అదే అనుకున్నా. ఇంత మాట కడుపులో పెట్టుకుని, ఇంట్లో నాకు చెప్పకుండా, వెయ్యిమందిలో మైకులో చెప్పారా?”

నేను లేవబోయా. కూర్చోండి అన్నయ్య గారూ అంది, నా వైపు చూడకుండానే. కూర్చున్నా.

“ఇప్పుడు చెప్పండి,” అంది ఆయనతో.

ఏసురత్నం గొంతు సవరించుకున్నాడు. పక్కన ఎవరో ముందు ఇంకో భాషలో అంటారన్నట్టు, అలవాటు చొప్పున కాసేపు ఆగాడు. ఎవరూ అనలేదు.

“పోయిన బిడ్డని,” అని మొదలుపెట్టి, ఆపేశాడు. మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు. “పరిమళని,” అన్నాడు. జయమణి తొందరపెట్టకుండా ఎదురుగా కూర్చునే ఉంది.